నులి కాస్తా నల్ అయింది

ముందు తప్పెవరిదో చెప్పుకుందాం. కథ ఎక్కడికీ పోదు.

తప్పు బొటనవేలి బొమ్మ నొక్కిన వాళ్ళందరిదీ. శనివారం సాయంత్రం ఆరున్నరకు అశ్వమిత్ర రైడింగ్ క్లబ్ వాట్సాప్ గ్రూపులో మందు వేయమని ఒక మెసేజ్ పడింది. ముప్పై ఒక్కరు చదివారు. పంతొమ్మిది మంది వేలెత్తారు. ఏం మందు, ఎందుకు, ఎవరు వేస్తారు అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పన్నెండో అంతస్తు నుంచి లిఫ్టు పార్కింగుకు దిగేలోపు అడగొచ్చు ఆ మాట. అయ్యలారా, అమ్మలారా, మీరు తీరిగ్గా ఎత్తిన ఆ పసుప్పచ్చ వేళ్ళే తెల్లారేసరికి ఎనిమిది నెలల గుర్రప్పిల్ల గొంతు మీద పడ్డాయి. దాని గొంతు మీదా, దాని నోట్లో చెయ్యి పెట్టిన యాదమ్మ గొంతు మీదా.

యాదమ్మ రోజూ ఏడింటికి వచ్చేది. ఆ ఆదివారం మాత్రం ఐదున్నరకే షెడ్డు ముందుంది. నార్సింగి దాటాక ఔటర్ రింగు రోడ్డు సర్వీసు దారి పక్కన, గుట్టను సగం కోసి కట్టిన టవర్లకు వెనక, ఆ గుట్ట మిగిలిన సగం నీడలో ఉంటుంది ఆ రేకుల షెడ్డు. ఆరు గుర్రాలు. టవర్లలో ఉండే ఉద్యోగస్తులు కలిసి పెట్టుకున్న క్లబ్బు అది. శనాదివారాల్లో పిల్లలు టోపీలు పెట్టుకుని వస్తారు, గుర్రమెక్కుతారు, ఫొటో దిగుతారు, పోతారు. గుర్రాల్ని తోమి, నడిపించి, జీను కట్టే సాయీసు గోవిందప్ప. అనంతపురం వైపు మనిషి, చేరి మూడు నెలలు కాలేదు. లద్ది ఎత్తడం, దాణా పెట్టడం యాదమ్మ పని. ఐదేళ్ళుగా ఆమెదే.

అంత పొద్దున్నే ఎందుకొచ్చిందంటే, దొంగతనానికి వచ్చింది. గోళీని ఎత్తుకుపోవడానికి.

గోళీ అంటే ఆ గుర్రప్పిల్ల. గుండ్రటి పొట్ట చూసి క్లబ్బు పిల్లలు పెట్టిన పేరు. కాళ్ళు పుల్లలు, వెన్ను కత్తి, మధ్యలో కుండలాంటి పొట్ట. వెంట్రుక మెరుపు లేక పాత చీపురులా నిక్కబొడుచుకుని ఉండేది. ఊరికే దగ్గేది. గ్రూపులో దాని ఫొటో పెడితే “సో చబ్బీ” అని హృదయాలు కురిపించారు. మేకల్ని మేపిన యాదమ్మకు అది చబ్బీ కాదని చూడగానే తెలుసు. ఈ టవర్ల కింద నేల మేత బీడుగా ఉన్న రోజుల్లో ఆమెకు నలభై మేకలుండేవి. పొట్ట బానలా, వీపు ఎముకలా ఉన్న మేకపిల్ల కడుపులో ఏముంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. నట్టలు. కడుపులో కాపురం పెట్టి, తిన్నదంతా తామే తినే పాములు.

“సారూ, దీని కడుపు నిండ నట్టలున్నయి. దీని లద్ది డాక్టరమ్మకు సూపియ్యుండ్రి” అని రెండు వారాలుగా క్లబ్బు కార్యదర్శి రామ్మోహనరావు వెంటపడుతూనే ఉంది. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి, ప్రభుత్వ ఇంజనీరుగా రిటైరయ్యాడు. చెడ్డవాడు కాదు. షెడ్యూలు ఉన్న మనిషి. అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు.

“మూడు నెలలకోసారి అన్నిటికీ ఒకేసారి వేస్తున్నాం కదమ్మా. చార్టు గోడ మీదే ఉంది చూడు. ఈసారి మళ్ళీ పోయినేడు వేసిన స్ట్రాంగుది తెప్పిస్తున్నా. పేడ పట్టుకుని తిరగడం ఎందుకు?”

“పేడ గాదు సారూ, లద్ది. పేడ ఆవుది.”

ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఆ స్ట్రాంగు మందు శనివారం మధ్యాహ్నం వచ్చింది. ఆఫీసు గది అలమరాలో పెట్టి ఉంది. మందు వేసేది ఎప్పుడూ ఆదివారం పొద్దునే. యాదమ్మకు అక్షరాలు రావు, కాని ఆ డబ్బా మీది ఎర్ర గీత వచ్చు. పోయినేడు ఇదే ఎర్ర గీత డబ్బాలోంచి తీసిన సిరంజీని చుక్క అనే గుర్రప్పిల్ల నోట్లో వత్తారు. చుక్కకూ ఇదే పొట్ట. మూడో రోజు అది కింద పడి పొర్లింది. తన పొట్టను తానే తన్నుకుంది. చెమటకు నేల తడిసింది. మధ్యాహ్నానికి పోయింది. “కోలిక్. బ్యాడ్ లక్” అని గ్రూపులో రాసి కొవ్వొత్తులు వెలిగించారు, ఫోన్లోనే. గోతిలోకి దించేటప్పుడు దాని ముక్కులోంచి జానెడు తెల్లటి పాము ఒకటి జారి మట్టిలో పడటం యాదమ్మ ఒక్కతే చూసింది. వెళ్ళి చెబితే రామ్మోహనరావు “నులిపురుగులేగా, అంటే మందు పనిచేసిందన్నమాట” అన్నాడు.

అందుకే ఆమె వచ్చింది. గోళీని గుట్ట వెనక్కు తోలుకుపోయి పొద్దెక్కేదాకా దాచాలి. వెతికి, విసిగి, మిగతా గుర్రాలకు మందు వేసుకుని పోతారు. తరవాత తిడితే తిట్టనీ.

గోళీ ఊరికే కదలదు. కాస్త దాణా చూపిస్తే మెత్తబడుతుంది. యాదమ్మ దాణా గదిలోకి వెళ్ళింది. బల్బు మాడి వారమైంది. తవుడూ ఓట్సూ కలిపిన నీలం డ్రమ్ము మూత మీద ఒక బండరాయి ఉంది. ఎలుకలకని పెట్టి ఉంటాడు గోవిందప్ప అనుకుంది. రాయి దించింది. మూత చుట్టూ ప్లాస్టిక్ కవరు బిగించి ఉంటే అదీ చింపి, మూత లాగింది. నాలుగు రోజులుగా జలుబు, ముక్కు దిబ్బడ. ఏ వాసనా తెలియలేదు. తెలిసి ఉంటే ఈ కథ లేదు.

ఒక డబ్బా నిండా ముంచి బకెట్లో పోసింది. గోళీ ముందు పెట్టింది. పలుపుతాడు కోసం వెనక్కి తిరిగింది.

“అక్కా! డ్రమ్ము మూత తీసింది ఎవురు?”

గోవిందప్ప దాణా గది గుమ్మంలో ఉన్నాడు. అప్పుడే స్నానం చేసినట్టున్నాడు, తలలోంచి నీళ్ళు కారుతున్నాయి.

“నేనే. ఏం, నీ అయ్య సొమ్మా?”

“అయ్యో, దాంట్లో పురుగుల మందు ఏసినా గదక్కా! మాత్రలు! రాత్రంతా మూసిపెట్టినా! ఎవురికన్నా పెట్టినావా?”

యాదమ్మ చెయ్యి గోళీ కొట్టం వైపు లేచింది.

పురుగుల మందు. ఆ మాట వినపడితే గోవిందప్ప ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యి మీది గిన్నె వదిలి వీధిలోకి పరిగెత్తుతారు. ఎవరి ఇల్లు, ఎవరి కొడుకు అని అరుస్తూ. అతనూ అలాగే పరిగెత్తాడు. కాని యాదమ్మ ముందు చేరింది. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు.

బకెట్ పక్కకు పడి ఉంది. దాణా నేల మీద చెల్లాచెదురుగా ఉంది, దాంట్లో బూడిదలాంటి పొడి కలిసి ఉంది. గోళీ పెదవుల మీద తవుడు. నాకుతోంది.

యాదమ్మ దాని దవడ పట్టి నోరు తెరిచింది. కొంగు వేలికి చుట్టుకుని చిగుళ్ళు, నాలుక కింద, బుగ్గ లోపల తుడిచింది. వేలు కొరికింది గోళీ. రక్తం వచ్చింది. తుడుస్తూనే ఉంది.

“ముట్టుకోవద్దక్కా! పొగ వస్తాది దాంట్లోంచి! చస్తావు!”

“సావనీ! నేనే పెట్టిన, నా చేత్తోని పెట్టిన!”

గోవిందప్ప ఆమెను నడుం పట్టి వెనక్కి లాగాడు. ఒక చేత్తో ఆమెను, ఒక చేత్తో గోళీ మెడ తాడును పట్టుకుని ఇద్దరినీ షెడ్డు బయటికి, గుట్ట కింది ఖాళీ జాగాలోకి ఈడ్చాడు. తరవాత వెళ్ళి మిగతా ఐదు గుర్రాల్నీ విప్పి బయటికి తోలాడు. వాటికింకా దాణా పెట్టలేదు. అంతవరకే అదృష్టం.

డాక్టర్ కిరణ్మయి నిజాంపేటలో ఉంటుంది. చుట్టుపక్కల గుర్రాల వైద్యం తెలిసినావిడ ఆమె ఒక్కతే. యాదమ్మ చేతిలోని ఫోన్లో ఒకటో నంబరు నొక్కితే ఆమెకు వెళ్తుంది. చుక్క పోయిన రోజున ఎవరితోనో అలా పెట్టించుకుంది, మళ్ళీ ఆలస్యం కాకూడదని.

“అమ్మా, నేను సంపిన గోళీని” అంది.

కిరణ్మయి రెండు ప్రశ్నల్లో విషయం లాగింది. “వినండి. గుర్రం బయట గాలిలోనే ఉండాలి. నీళ్ళు పెట్టొద్దు, ఒక్క గుక్క కూడా. నీళ్ళు తగిలితే ఆ మాత్ర లోపల ఇంకా పొగ కక్కుతుంది. షెడ్డులోకి ఎవరూ వెళ్ళొద్దు. మీరు చీర మార్చుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. నేను బయల్దేరా.”

“ఎంతసేపైతదమ్మా?”

“ఆదివారం కదా, నలభై నిమిషాలు.”

నలభై నిమిషాలు. యాదమ్మ షెడ్డు పక్క నల్లా దగ్గర చేతులు కడిగి, గోవిందప్ప లుంగీ ఒకటి చుట్టుకుని గోళీ ఎదురుగా నేల మీద కూర్చుంది. దాని పక్కటెముకలు లేచి పడటం చూస్తోంది. ఒకటి, రెండు, మూడు. ఎంతవరకు లెక్కపెట్టినా పది దాటలేదు, మళ్ళీ ఒకటి దగ్గరికే వచ్చేది. గోళీ దగ్గింది. అది రోజూ దగ్గే దగ్గే. అయినా ఇప్పుడు ఏ దగ్గు ఏ దగ్గో ఎవరు చెప్పాలి? గోళీ తల దించింది. పడిపోతోందా? కాదు, గడ్డి వాసన చూస్తోంది. తల ఎత్తింది. ఎందుకెత్తింది?

తనకూ తల దిమ్ముగా ఉంది. జలుబా, ఆ పొగా? గోవిందప్పకు చెప్పలేదు. చెబితే తనను దవాఖానకు పొమ్మంటాడు, గోళీ దగ్గర ఎవరుంటారు?

“నీళ్ళు కావాలంటాంది” అన్నాడు గోవిందప్ప మెల్లిగా. గోళీ ఖాళీ తొట్టిని మూతితో పొడుస్తోంది. ఆ శబ్దం ఇద్దరూ భరించలేకపోయారు. అతను వెళ్ళి తొట్టిని బోర్లించాడు. అది బోర్లించిన తొట్టినీ పొడిచింది.

రామ్మోహనరావు దిగొచ్చాడు, ట్రాక్ ప్యాంటులో, చేతిలో ఎర్ర గీత డబ్బాతో. ఆయన వెనకే జశ్వంత్. పదో అంతస్తు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆదివారం స్వారీకి బూట్లు వేసుకుని వచ్చాడు.

“ఏంటమ్మా యాదమ్మా, గుర్రాలన్నీ బయటున్నాయి? నేను మందు వేయమంటే...”

“ఏసిండ్రు గద సారూ! మస్తుగ ఏసిండ్రు! సూడుండ్రి ఇగ, ఎట్ల సస్తదో!”

ఆయనకు అర్థం కావడానికి గోవిందప్ప రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది. తరవాత, పెద్దమనుషులకు భయం వేస్తే ఏం చేస్తారో అదే చేశాడు. కిందివాడి మీద పడ్డాడు.

“పురుగుల మందా? నులిపురుగుల మందు అన్నానయ్యా నేను! కడుపులో పురుగులకి వేసేది! చిన్నపిల్లలకి బళ్ళో మాత్రలివ్వరూ? తేడా తెలియదా నీకు?”

“మీరు నులి అనలేదు సార్” అన్నాడు గోవిందప్ప. “శుక్రవారం దాణాలో పురుగు పడిందని నేనే గ్రూపులో మాట పంపిస్తిని. శనివారం మీ మెసేజ్ వస్తే దానికి జవాబనుకుంటిని. ఇంగిలీషు అక్షరాలు నాకు రావు. గేటు కాడ ఈ సారుతో చదివించుకుంటిని. ‘దాణాలో పురుగుల మందు వేయండి’ అని చదివినాడు. బియ్యానికేసే మాత్రలు నార్సింగిలో తెచ్చి ఏస్తిని. ఏసినా సార్ అని మళ్ళీ గ్రూపులో చెప్తిని. మీరు వేలెత్తిరి.”

జశ్వంత్ ఫోను తీశాడు. మెసేజ్ వెతికాడు. పైకి చదివాడు.

“‘రేపు పొద్దున దాణాలో... నల్ పురుగుల మందు వేయండి. గోళీకి ఫుల్ డోస్.’”

“నల్ ఏంటి?” అన్నాడు రామ్మోహనరావు.

“ఇంగ్లీష్ లెటర్స్‌లో నులి అని కొట్టారు అంకుల్ మీరు. మీ ఫోన్ అది తప్పనుకుని నల్ అని మార్చేసింది.” జశ్వంత్ కళ్ళు నేల మీదున్నాయి. “మా కోడింగ్‌లో నల్ అంటే... ఏమీ లేదని. ఖాళీ. టైపో అనుకుని నేను... అది వదిలేసి, మధ్యలో ముక్క ఒక్కటే చదివా. క్యాబ్ వెయిటింగ్‌లో ఉంది.”

ఔటర్ మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“ఏమీ లేదా?” అంది యాదమ్మ. లేచి నిలబడింది. “నా గోళీ పానం ఏమీ లేదా సారూ? గా రెండక్షరాలల్లనే ఉండె గద మొత్తం! మీరేమో వదిలేసి సదువుతిరి. ఈయనేమో సదవకుండనే వేలెత్తె. నన్నయితే ఆ గ్రూపులనే ఏయకపోతిరి. లద్దెత్తే మనిషికి గ్రూపెందుకని! దాణా పెట్టేది ఎవ్వరు? నేను గాదా? మందేసిన డ్రమ్ము ముట్టకు అని ఒక్కరు నాకు చెప్పిండ్రా?”

“చెప్దామనే తొందరగా తయారైతినక్కా” అన్నాడు గోవిందప్ప. “ఏడింటికి గదా నువ్వొచ్చేది. ఈ పొద్దు ఎందుకు ముందొస్తివి?”

ఆ ప్రశ్న యాదమ్మకు కత్తిలా దిగింది. గోళీని కాపాడదామని వచ్చింది. కాపాడదామని వచ్చి, చీకట్లో తన చేత్తో విషం పెట్టింది. ఎర్ర గీత డబ్బా వైపు చూసింది, కూర్చుండిపోయింది.

కిరణ్మయి వచ్చేసరికి ముప్పై ఎనిమిది నిమిషాలైంది. కారు ఆపకముందే తలుపు తెరిచింది. గోళీ గుండె విన్నది, చిగుళ్ళు నొక్కి చూసింది, పొట్టకు రెండు వైపులా చెవి గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు.

“ముక్కులోంచి గొట్టం వేస్తాను. లోపల దాణా ఉంటే తెలిసిపోతుంది. తల ఎవరు పట్టుకుంటారు?”

యాదమ్మ పట్టుకుంది. గోళీ కళ్ళలో తెల్లగుడ్డు కనిపిస్తోంది. గొట్టం దిగుతుంటే అది ఒళ్ళంతా వణికింది, ఆ వణుకు యాదమ్మ మోచేతుల్లోంచి పళ్ళ దాకా వచ్చింది. “ఏం గాదు బిడ్డా, ఏం గాదు” అంటోంది, ఎవరికి చెబుతోందో తెలియకుండా.

తెల్లటి టబ్బులోకి పసుపు నీళ్ళు వచ్చాయి. గడ్డి పరకలు వచ్చాయి. తరవాత గొట్టం అడ్డుపడినట్టు ఆగింది. కిరణ్మయి కదిలించింది. జారి పడింది. పెన్సిలంత లావు, జానకు పైన పొడవు, తెల్లటి పాము. టబ్బులో చుట్ట చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకుంది.

జశ్వంత్ పక్కకెళ్ళి వాంతి చేసుకున్నాడు. రామ్మోహనరావు కదల్లేదు. ఆయన ఐదేళ్ళుగా చార్టు గీసి మందు వేయిస్తున్నది దేని మీదకో ఆయన చూడటం అదే మొదలు.

కిరణ్మయి టబ్బును వెలుగులోకి తిప్పింది. వేలితో కలిపింది. ఇంకోసారి.

“తవుడు లేదు. ఓట్స్ గింజ ఒక్కటి కూడా లేదు” అంది. “నోట్లో పెట్టుకుని వదిలేసింది. మింగలేదు.”

“ఎందుకమ్మా? దానికి దాణా అంటే పానం గద!”

“కడుపు నిండా ఇవే ఉంటే ఆకలి ఎక్కడిదండీ? వారం నుంచి సరిగ్గా తినట్లేదు కదూ?”

యాదమ్మ గోళీ మెడలో ముఖం పెట్టింది. ఏ పాముల గురించి రెండు వారాలుగా మొత్తుకుందో, ఆ పాములే ఇవాళ దాన్ని బతికించాయి. దానికి ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు. రెండూ చేసింది.

“సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండాలి. గండం దాటిందని ఇప్పుడే చెప్పను” అంది కిరణ్మయి.

అక్కడితో ఆగితే బాగుండేది. రామ్మోహనరావు ఊపిరి పీల్చుకుని, ఏదో ఒకటి సరిదిద్దాలన్న ఆత్రంలో ఎర్ర గీత డబ్బా విప్పాడు. సిరంజీ మూత కూడా తీశాడు. “అయితే డాక్టరుగారూ, ఇది ఇప్పుడే ఇచ్చేద్దామండి. ఫుల్ డోస్. ఆ దరిద్రాలన్నీ ఒక్కసారే చచ్చిపోతాయి.”

గోళీ మెడకూ ఆయన చేతికీ మధ్య యాదమ్మ వచ్చి నిలబడింది. అరవలేదు. పొద్దుటి నుంచీ ఉన్న భయమంతా ఒక్కచోట గడ్డకట్టి, ఆయన మణికట్టు మీద వేళ్ళుగా బిగుసుకుంది.

“చుక్కకు గిదే ఏసిండ్రు.”

“అది కోలిక్ అమ్మా...”

“ముక్కులకెల్లి పాము పడ్డది. చెప్తే మందు పనిచేసింది అంటిరి.”

కిరణ్మయి చేతిలోని గొట్టం కింద పెట్టింది. “ఆ పిల్లకూ పొట్ట ఇలాగే ఉండేదా? మందు వేసిన ఎన్నో రోజున పోయింది?”

“మూడొద్దులకు.”

ఆమె రామ్మోహనరావు చేతిలోంచి సిరంజీ తీసుకుంది. “ఇది మంచి మందే సార్. పెద్ద గుర్రానికి, అవసరమైనప్పుడు. దీని కడుపులో ఇలాంటివి వందలుండొచ్చు. ఈ మందు పడితే అన్నీ ఒక్క పూటలో పడిపోతాయి. పడిపోయి ఎక్కడికి పోతాయి? తాడు చిక్కుపడ్డట్టు ముద్దయి పేగుకు అడ్డం పడతాయి. పేగు పగులుతుంది. చుక్క అలాగే పోయి ఉంటుంది.”

రామ్మోహనరావు డబ్బా మూత పెట్టేశాడు.

“దీని బరువెంత?” అంది ఆమె.

“ఒక... రెండు వందల యాభై ఉంటుందండి.”

ఆమె సంచిలోంచి బరువు చూపే టేపు తీసి గోళీ ఛాతీ చుట్టూ వేసింది. “నూట నలభై. లద్ది పరీక్ష ఎప్పుడు చేయించారు?”

రామ్మోహనరావు ఫోనులో చార్టు వెతికాడు.

“ఎప్పుడూ లేదు. ఐదేళ్ళు ఆ మామూలు మందే, అందరికీ, పాములున్నా లేకున్నా, అంచనా మీద. పాములకు మందు అలవాటు చేశారు మీరు. చావాల్సినవి చావడం మానేశాయి. మెల్లగా చంపే మందు ఇస్తాను. బరువు చూసి, కొంచెం కొంచెంగా, కొన్ని రోజులు. అప్పుడూ అడ్డం పడదని హామీ ఏమీ లేదు. రోజూ లద్ది చూడాలి. ఎవరు చూస్తారు?”

అందరూ యాదమ్మ వైపు చూశారు. ఐదేళ్ళలో మొదటిసారి.

సాయంత్రం దాకా గోళీ నిలబడే ఉంది. నీళ్ళు పెట్టొచ్చని కిరణ్మయి ఫోన్లో చెప్పాక తొట్టి సగం తాగింది. అప్పుడు గాని యాదమ్మ బస్తీ దవాఖానకు పోలేదు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. గింజల్లో వేసే ఆ మాత్రలు నాలుగింటి పొడి ఎంత మందిని పొట్టన పెట్టుకోగలదో అక్కడి నర్సు చెబుతుంటే చెవులు మూసుకుంది.

మందు మొదలైంది. ఆ తరవాతి రోజులు యాదమ్మ ఎలా గడిపిందో గోవిందప్పకే తెలుసు. మొదటి రోజు లద్ది మామూలుగా పడింది. రెండో రోజు పొద్దున పడలేదు. మధ్యాహ్నమూ పడలేదు. గోళీ తన పొట్ట వైపు తల తిప్పి చూసుకుంది. చుక్క కూడా అలాగే చూసుకుంది. మూడో రోజు ఎండలో గోళీ ముందుకాళ్ళు మడిచి కింద పడుకుంది, ఒక పక్కకు ఒరిగింది. యాదమ్మ చేతిలోని పార జారిపోయింది. పొర్లుతుందని, తన్నుకుంటుందని, ఇక అంతేనని ఆమె కళ్ళు మూసుకుంది.

“కళ్ళు తెరువక్కా” అన్నాడు గోవిందప్ప. “ఎండ కాచుకుంటాంది అది. తోక చూడు, ఈగలు తోలుకుంటాంది.”

లేచాక లద్ది వేసింది. లద్దిలో సగం పాములే. యాదమ్మ పారతో దూరంగా లాగి పుల్లతో లెక్కపెట్టింది. ఇరవై ఏడు దాకా వచ్చి ఆపేసింది. కొన్నింటిని ఊరగాయ సీసాలో వేసి మూత బిగించింది. మిగతా లద్దినంతా దూరంగా గోతిలో పూడ్చింది. నేల మీద వదిలితే ఆ గుడ్లు మళ్ళీ ఇంకో పిల్ల నోట్లోకే పోతాయని కిరణ్మయి చెప్పింది. ఐదేళ్ళుగా ఆమె ఎత్తిన లద్ది షెడ్డు పక్కనే కుప్ప వేయించి, దాని మీద పెరిగిన గడ్డినే గుర్రాలకు మేపించింది ఎవరు? క్లబ్బే. “ఆర్గానిక్” అని ఫొటో కూడా పెట్టారు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. క్లబ్ హౌసులో కమిటీ సమావేశం, ఇడ్లీ, వడ, అల్లం పచ్చడి. మొదటి విషయం: “ఇన్సిడెంట్ రివ్యూ”. రామ్మోహనరావు ఫోన్లో ఏదో కొడుతున్నాడు. ఈసారి ఒక్కో అక్షరం చూసి చూసి. యాదమ్మను ఎవరూ పిలవలేదు. ఆమె వచ్చింది. ఇడ్లీ పళ్ళేలు జరిపి సీసాను బల్ల మధ్యలో పెట్టింది.

కుర్చీలు వెనక్కి జరిగాయి. ఒకావిడ “ఛీ, తియ్యి, తినేచోట!” అంది.

“గోళీ కూడ తినేచోటనే ఉండె ఇవి” అంది యాదమ్మ. “జర సూడుండ్రి. ఎప్పుడన్న సూసిండ్రా? చబ్బీ అంటిరి గద, గిదే చబ్బీ.”

గుమ్మం దగ్గర నిలబడ్డ గోవిందప్ప వైపు ఒకసారి చూసింది. పదిహేను రోజుల తరవాత గోళీ లద్దిలో గుడ్లు ఎన్ని మిగిలాయో చూస్తే గాని బతికినట్టు కాదని డాక్టరమ్మ చెప్పే వెళ్ళింది. అంతదాకా ప్రతి పొద్దునా ఇదే భయం.

“సారూ, ఆ గోడ మీది చార్టు దింపుండ్రి. రేపు గాదు, ఇప్పుడే, నా ముంగట్ల. ఆరు గుర్రాల లద్ది ఇయ్యాల్నే డాక్టరమ్మకు పోవాలె, నేను డబ్బాలల్ల కట్టి తెచ్చిన, బయటున్నయి. లద్ది సూడకుండ, టేపుతోని కొలువకుండ ఏ గుర్రం నోట్ల ఏ మందు పెట్టేది లేదు. నన్ను గ్రూపుల ఏయుండ్రి. సదువు రాదు నాకు, నోరున్నది, మాట పంపిస్త. నేను సరే అన్నదాంక డ్రమ్ముల చెయ్యి పెట్టద్దు. గింజల మాత్ర ఈ కాంపౌండుల ఇంకెన్నడు కనవడద్దు. ఇంకోటి, జశ్వంత్ సారూ, నువ్వు రాయి, నీకు తెలుగొస్తది గద. బోర్డు మీద, తెలుగులనే, నా అంత పెద్దగ రాయి: నట్టల మందు. ఆ ఫోన్లు కింద పెట్టుండ్రి, వేళ్ళెత్తకుండ్రి. లేసి నిలబడుండ్రి. చాక్‌పీసు ఏడున్నది?”